నల్లదారం రోజులు

నైజీరియా నైరుతిలో యొరుబా జనం ఉండే ఇబాదాన్, అబెయొకుట, ఒషోగ్బో లాంటి ఊళ్ళలో డెబ్బైల నాటి ఆదివారం మధ్యాహ్నం అంటే ఆడపిల్లల తలలు కట్టే పూట. భోజనాలయ్యాక వసారాలో పొట్టి స్టూలు పడేది. అమ్మో, పెద్దమ్మో, పక్కింటి అక్కో దాని మీద కూర్చుంటే, పిల్ల కింద చాప మీద ఆమె మోకాళ్ళ మధ్య ఇరుక్కునేది. తల కదలకుండా తొడలతో అదిమి పట్టడం, గింజుకుంటే దువ్వెన వీపుతో భుజం మీద ఒకటి తగిలించడం, ఇవన్నీ పనిలో భాగం. పక్కనే చెక్క దువ్వెన, నల్లదారం ఉండ, చిన్న సీసాలో ఆదిన్. పామాయిల్ చెట్టు గింజల్ని మాడబెట్టి తీసే ఈ నల్ల నూనెకి ఘాటైన వాసన. తలకి రాసిన పూట ఇల్లంతా అదే వాసన.

ఈ తొందరంతా సోమవారం గురించి. బడి నోటీసు బోర్డు మీద వారానికో జడ పేరు రాసి పెట్టేవారు. ఈ వారం షుకు, వచ్చే వారం పాతెవొ, ఆ పై వారం కొలెసె. అసెంబ్లీలో వరసల మధ్య టీచరు నడుస్తూ ఒక్కొక్క తలా చూసుకుంటూ వెళ్ళేది. తప్పు జడతో వచ్చిన పిల్లకి చీవాట్లు, లేదంటే అక్కడే విప్పించడం. చాలా బళ్ళలో ఇప్పటికీ ఈ పద్ధతి ఉంది. చమురు డబ్బు పొంగిన ఆ రోజుల్లో లెక్కలు, సైన్సు చెప్పడానికి నైజీరియా వెళ్ళిన మనవాళ్ళు చాలామందే. క్లాసులో తలలన్నీ ఒకే అచ్చులో ఎందుకున్నాయో తెలియాలంటే వాళ్ళు ముందు ఆ బోర్డు చదవాల్సిందే.

యొరుబా జుట్టుపని రెండు రకాలు. దిది అంటే వేళ్ళతో అల్లడం. నెత్తికి అంటిపెట్టుకుని మూడుపాయల జడ సాగుతుంది, ప్రతి మెలికకీ పక్క నుంచి కాస్త కొత్త జుట్టు కలుపుకుంటూ పోవాలి. కార్న్‌రోస్ అని ఇప్పుడు ప్రపంచమంతా పిలుస్తున్నది దీన్నే. రెండోది కికొ, దారంతో చుట్టడం. దీన్ని గురించి బయట మాట్లాడింది తక్కువ. నన్నడిగితే ఆ ప్రాంతపు పనితనమంతా ఇందులోనే ఉంది.

కికొలో సగం పని చుట్టకముందే. ఆ జుట్టు స్ప్రింగులా బిగువైన రింగులు తిరిగి ఉంటుంది కాబట్టి నెత్తి మీది జిడ్డు కొసదాకా దిగదు. అందుకే ఎప్పుడూ పొడి. రింగు వంపు తిరిగిన ప్రతిచోటా వెంట్రుక బలహీనం. ఎండుజుట్టుని కుదుళ్ళ నుంచి కిందికి లాగి దువ్వితే రింగులో రింగు పడి ముడి బిగుస్తుంది, వెంట్రుక అక్కడే తెగుతుంది. నీళ్ళు చిలకరించి, నూనె రాసి, వేళ్ళతో పాయలు విడదీసి, దువ్వెనని కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లగా కుదుళ్ళకి రావాలి. అలాగని తడిజుట్టుని చుట్టకూడదు. దారం కింద తడి ఆరదు, రెండు మూడు రోజుల్లో ముక్కువాసన పట్టుకుంటుంది. చెయ్యి పెడితే చెమ్మ తెలియాలి, నీళ్ళు అంటకూడదు. ఆ సమయం దాటిపోతే మళ్ళీ ముడుచుకుంటుంది గనక పెద్దవాళ్ళు తలని నాలుగు భాగాలు చేసి, మూడింటిని ముడులు కట్టి, ఒక్కోదాన్నే తడిపి చేసేవారు.

ఆ తరవాత గడులు, అంటే పాపటలు తీసి నెత్తిని భాగాలు చేయడం. ఒక తలకి పదిహేను నుంచి పాతిక. గడి పెద్దదైతే నిలబడే పాయ లావుగా ఘనంగా కనిపిస్తుంది గానీ నాలుగు రోజులకే మొదట్లో వదులవుతుంది. మరీ చిన్నదైతే గట్టిగా ఉంటుంది, ఆ కాసిని వెంట్రుకల మీదే బరువంతా పడుతుంది. గడులు చతురస్రాలుగానో ముక్కోణాలుగానో తీసేవారు. పాపట వంకర పోయిందా, పైన ఎంత గోపురం కట్టినా ఆ చేతికి పేరు రాదు. వెనక నుంచి చూసేవాళ్ళకి ముందు కనిపించేది నెత్తి మీది గీతలే.

చుట్టే విధానం ఇది. గడిలోని పాయని ఎడమచేత్తో బిగించి పట్టుకుని, దారం కొసని పాయతోపాటే కలిపి నొక్కి, కుదురు దగ్గర మూడు నాలుగు చుట్లు ఒకదానికొకటి ఆనించి వేయాలి. పట్టంతా అక్కడే. ఆపైన చుట్టు పక్కన చుట్టు కలిపి వెళితే పాయ కడ్డీలా నిలబడుతుంది. వేలెడంత సందు వదులుతూ చుడితే మెత్తగా వంగుతుంది. కొస ఇంకా అర అంగుళం ఉందనగా వెనక్కి తిరిగి రెండు చుట్లు వేసి ముడి వేయాలి. కొసదాకా వెళితే జారిపోతుంది. దారం రెండు పోగులు కలిపి వాడాలి, ఒంటి పోగు వెంట్రుకని కోసేస్తుంది. కడ్డీలన్నీ సిద్ధమయ్యాక అసలు ఊహకి పని: రెండేసి పాయల్ని వంచి కలిపితే కమాను, అన్నిటినీ నడినెత్తికి తెచ్చి కడితే గోపురం, వరసగా వంచి ఒకదాని కొసని పక్కదాని మొదట్లో కుడితే వంతెన.

మొదట్లో వాడింది నూలుదారమే. తరవాత మెరిసే ప్లాస్టిక్ దారం బజారులోకి వచ్చింది. వానలో తడిసినా ఆకారం చెడదు, పైగా నిగనిగ. కానీ దానికి సాగే గుణం లేదు. నూలు ఒక రాత్రి గడిస్తే కాస్త వదులిస్తుంది, ఇది ఎక్కడ బిగిస్తే అక్కడే కరుచుకుని ఉంటుంది.

బిగువే ఈ పనిలో పెద్ద చిక్కు. కొత్తగా కట్టించుకున్న పిల్ల కనుబొమ్మలు పైకి లాగినట్టుంటాయి, మొదటి రాత్రి పక్కకి తిరిగి పడుకోలేదు. తల నొప్పి పుడితేనే జడ బాగా కుదిరినట్టు లెక్క వేసేవారు, అది పిచ్చి లెక్క. కుదుళ్ళ చుట్టూ తెల్లని గింజలు లేచాయంటే ఆ రాత్రే ఆ గడి వదులు చేసి నూనె పెట్టాలి. కణతల దగ్గర జుట్టు సహజంగానే పలచన, అక్కడ నెలల తరబడి అదే లాగుడు సాగితే నుదుటి అంచు వెనక్కి జరుగుతుంది. డాక్టర్లు ట్రాక్షన్ అలోపేసియా అంటారు. తొలిరోజుల్లో మానేస్తే మళ్ళీ మొలుస్తుంది, కుదురు మచ్చకట్టిపోయాక మొలవదు. నలభై దాటిన ఆడవాళ్ళు తలగుడ్డని నుదుటి మీదికి దించి కట్టడంలో అందం ఎంతో, ఈ దాపరికమూ అంతే.

రెండు వారాలకి విప్పేయాలి. కత్తెర ముట్టకూడదు, కొస ముడి విప్పి దారాన్ని తిరుగుచుట్టు తిప్పుతూ రావాలి. విప్పినప్పుడు గుప్పెడు వెంట్రుకలు చేతికొస్తే కొత్తవాళ్ళు హడలిపోతారు. ఎవరి తలకైనా రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. దారం లోపల చిక్కుకున్న రెండు వారాల లెక్క ఒక్కసారి బయటపడుతుంది, అంతే. అలా రాలినదాన్ని వాకిట్లో వదలడం మహా తప్పు. గిట్టనివాళ్ళ చేతిలో పడితే మంత్రం వేస్తారని కాల్చడమో పాతిపెట్టడమో చేసేవారు. దువ్విన వెంట్రుకల్ని వేలికి చుట్టి, థూ థూ అని ఉమ్మి పారేసే అమ్మమ్మలున్న మనకి ఇది వివరించక్కర్లేదు.

ఈ భయం వెనక యొరుబావాళ్ళ లెక్క ఒకటుంది. మనిషి రాత తలలో ఉంటుంది, ఆ తలకే ఒరి అని పేరు, దానికే పూజ. ఒషున్ నది దేవత చేతిలో దువ్వెన ఉంటుంది, తలలు అల్లే విద్య ఆమెదంటారు. కాబట్టి తల ఎవరికిపడితే వాళ్ళకి అప్పగించరు. జుట్టు చిక్కులు కట్టి పుట్టిన బిడ్డని దాదా అంటారు. ఆ తలకి దువ్వెన తగలకూడదు, గవ్వలు కడతారు, క్రతువు చేసి విందు పెట్టి గానీ గుండు చేయరు. పాత యొరుబా రాజ్యం ఒయొలో రాజు తరఫున కబుర్లు మోసే ఇలారీలకి సగం తల గొరిగించి ఉండేది, చూడగానే ఎవరి మనిషో తెలియాలి. షాంగో దేవుడు పూనే పూజారులు మగవాళ్ళైనా ఆడవాళ్ళలా జడలు వేసుకునేవారు. దేవుడి ముందు వాళ్ళు భార్యలు.

ఆడవాళ్ళ జడల్లో ఇంకా ఎక్కువ చదవొచ్చు. అంచుల నుంచి అన్ని జడలూ నడినెత్తికి ఎక్కి బుట్టలా ముగిస్తే షుకు. ఒకప్పుడు రాజుగారి భార్యలకే ఉండేదని చెబుతారు, తరవాత బడిపిల్లల నెత్తి మీదికి వచ్చింది. నుదుటి నుంచి మెడ వెనక్కి తిన్నగా దిగితే కొలెసె. మెడ నుంచి మొదలై ముందుకి వస్తే ఇపాకొ ఎలెదె, పంది పెడతల అని. రెండు పక్కల నుంచీ వచ్చి మధ్యలో చప్పట్లు కొట్టినట్టు కలిస్తే పాతెవొ. కొజు సొకొ అంటే 'మొగుడి వైపు తిరుగు' అని, కొత్త పెళ్ళికూతుళ్ళకి వేసేది. పానుమొ అని ఇంకోటుంది, 'నోరు మూసుకో' అని. సవతుల ఇంట్లో ఎవరి కోసం ఆ జడ వేయించుకుందో అడగనక్కర్లేదు. అత్తగారి ఇంట్లో పైకి అనలేని మాటని నెత్తి మీద పెట్టుకుని తిరిగే వీలు ఆ జడలు ఇచ్చాయి.

భర్త పోతే జడ విప్పాలి. యొరుబా ఇళ్ళలో మైల రోజులన్నీ అల్లని జుట్టుతోనే గడిపేది. నైజీరియా తూర్పున ఇగ్బో జనం ఊళ్ళలో ఇంకా కటువు, తల గొరిగేస్తారు. ఆ పని జరిపించేది ఉముఅదా, అంటే మగవాడి వైపు ఆడపడుచుల బృందం. మగవాళ్ళు తీర్పు చెప్పి పక్కకి తప్పుకుంటారు, కత్తి పట్టేది ఆడవాళ్ళే. మన అగ్రహారాల్లో విధవల శిరోముండనం గురించి చదివినవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగుతారు. 2001లో ఆ ఇగ్బో ప్రాంతపు ఎనుగు రాష్ట్రం వితంతువుల్ని బలవంతంగా గొరగడం లాంటివాటిని నేరం చేస్తూ చట్టం తెచ్చింది. ఊళ్ళలో ఆడపడుచుల మాటకి ఎదురు నిలబడి ఆ చట్టం పేరెత్తడం ఎంత కష్టమో కొత్తగా చెప్పాలా.

1960లో నైజీరియాకి స్వతంత్రం వచ్చింది. లాగోస్‌లో, ఇబాదాన్‌లో ఎత్తైన భవనాలు లేచాయి, ఆడవాళ్ళ తలల మీదా లేచాయి. ఒనిలే గొగొరో అన్నది ఆకాశాన్ని తాకే మేడ, దారం చుట్టిన కడ్డీలు నిటారుగా నిలబెట్టి కట్టేది. లాగోస్‌లో ఎకో బ్రిడ్జ్ అనే వంతెన కడుతూనే ఆ పేరుతో జడ వచ్చింది, నెత్తికి ఈ పక్క నుంచి ఆ పక్కకి కమానులు. కొత్త దేశం కట్టే ప్రతిదాన్నీ ఆడవాళ్ళు ఓ వారంలో దారంతో కట్టి చూపించారు. ఫొటోగ్రాఫర్ జె.డి. ఒఖాయ్ ఒజెయికెరె 1968 నుంచి వీటిని తీయడం మొదలుపెట్టి వెయ్యి దాకా తీశాడు. వీధిలో, పెళ్ళిళ్ళలో, ఆఫీసుల్లో, ఎక్కువగా తల వెనక నుంచే, నలుపు తెలుపులో. ముఖాలు లేకపోవడం వల్ల పనితనం కళ్ళకి కడుతుంది, గడి గడికీ పాపట ఎంత శుభ్రంగా ఉందో లెక్కపెట్టొచ్చు. ఆయన 2014లో పోయాడు. ఆ నెగటివ్‌లు లేకపోతే ఆ జడల్లో చాలావాటికి ఆనవాలు ఉండేది కాదు, రెండు వారాల్లో విప్పేసే కళకి మరి దాఖలా ఎక్కడిది. 1977 జనవరి, ఫిబ్రవరుల్లో లాగోస్‌లో ఫెస్టాక్ అనే ఆఫ్రికా కళల పండగ జరిగినప్పుడు పూసలు, గవ్వలు గుచ్చిన జడలు మళ్ళీ గొప్పగా వెలిగాయి. దేశానికి అతిథులొచ్చారు, పాతది కొత్తగా గౌరవమైంది.

అయితే ఆ వెలుగు అందరి నెత్తి మీదా పడలేదు. మిషనరీల రోజుల నుంచి హాస్టలు బళ్ళలో ఆడపిల్లకి జుట్టు ఉండకూడదు. ఘానా, ఉగాండా, కెన్యాల్లో ప్రభుత్వ హైస్కూళ్ళలోనూ ఇదే సాగింది, చాలాచోట్ల ఇంకా సాగుతోంది. పేలు పడతాయి, చదువు టైము పోతుంది, సోకు పెరుగుతుంది అని కారణాలు. చూడ్డానికి చిన్న విషయం. కానీ పన్నెండేళ్ళ నుంచి పద్దెనిమిది దాకా గుండుతో పెరిగిన పిల్లకి తన జుట్టుని ఎలా తడపాలో, ఎలా దువ్వాలో తెలియదు. ఆ ఆరేళ్ళలో ఇంట్లో ఎవరి మోకాళ్ళ మధ్యా కూర్చోలేదు. బడి వదిలిన మర్నాడు జుట్టు మొలవడం మొదలైతే దాన్ని మొండిజుట్టు అని తేల్చేసి సీసాలో మందు కోసం వెళుతుంది.

మందు కంటే ముందు ఇనప దువ్వెన ఉండేది. బొగ్గుల మీదో కిరసనాయిలు స్టవ్ మీదో కాల్చి, ముందు పాత న్యూస్‌పేపరు మీద గీసి చూసేవారు. కాగితం గోధుమరంగు తిరిగితే వేడి ఎక్కువ, ఆగాలి. జుట్టుకి వాసెలిన్ రాసి కుదురు దగ్గర నుంచి లాగితే చిటపటమని తిన్నగా వచ్చేది. చెవి పైఅంచు కాలని ఆడపిల్ల ఆ తరంలో అరుదు. చెమట పట్టినా వాన చినుకు పడినా మళ్ళీ రింగులే. జుట్టు తిన్నగా చేసే మందు, రిలాక్సర్, వచ్చాక ఆ బాధ పోయింది, కొత్త బాధ వచ్చింది. అది క్షారం, పి.హెచ్. పన్నెండు పైనే, వెంట్రుక లోపలి గంధకపు బంధాలని తెంచి ఆకారం మార్చేస్తుంది. ముందు మూడు నాలుగు రోజులు నెత్తి గోకకూడదు, గీరుకుపోయిన చోట మందు పడితే బొబ్బే. చెవులకి, నుదుటి అంచుకి వాసెలిన్ దట్టంగా పట్టించాలి. పావుగంట దాటితే కష్టం. తరవాత న్యూట్రలైజర్ షాంపూతో నురుగులో రంగు పోయేదాకా కడగాలి, నెత్తి మీద ఏ కాస్త మిగిలినా లోపల పని చేస్తూనే ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకి కొత్తగా మొలిచినదానికే రాయాలి. ఆ వరస తెలియనివాళ్ళు తలంతా పూస్తారు, పాతదాని మీద మళ్ళీ పడి ఆ కలిసే గీత దగ్గర జుట్టు తెగి చేతికి వస్తుంది. మంట పుడితే 'పట్టిందిలే, ఇంకో ఐదు నిమిషాలు ఓర్చుకో' అనే మాట బ్యూటీపార్లర్లలో ఎందరు విన్నారో.

ఇక ప్రభుత్వాలు. టాంజానియాలో పాలక పార్టీ యువజన విభాగం 1968లో ఆపరేషన్ విజానా ప్రకటించింది. 1969 జనవరి నుంచి మినీస్కర్టులు, విగ్గులు, ఒళ్ళు తెల్లబరిచే క్రీములు, బిగుతు ప్యాంట్లు బంద్. దార్ ఎస్ సలామ్‌లో కరియాకో బస్టాండు దగ్గర కుర్రాళ్ళ గుంపులు బస్సులాపి ఆడవాళ్ళ మీద పడ్డాయి. మలావిలో అధ్యక్షుడు హేస్టింగ్స్ బాండా 1973లో ఏకంగా చట్టమే చేశాడు: ఆడవాళ్ళ మోకాలు కనిపించకూడదు, ప్యాంటు తొడగకూడదు. 1993 దాకా అది నడిచింది. బాండా మాత్రం మూడు ముక్కల ఇంగ్లీషు సూటు, తల మీద హోంబర్గ్ టోపీ లేకుండా బయట కనిపించేవాడు కాదు. ఆఫ్రికా పరువు అంతా ఆడవాళ్ళ మోకాళ్ళ దగ్గరే ఉందని ఎవరు తేల్చారో! జైర్‌లో, అంటే ఇప్పటి కాంగోలో, అధ్యక్షుడు మొబుటు ఆథెంటిసిటీ (అసలు ఆఫ్రికాతనం) పేరిట విగ్గులు, ప్యాంట్లు వద్దని పాన్యే అనే చుట్టుగుడ్డ కట్టించాడు. మన గుజరాతీ, పంజాబీ కుటుంబాల్ని 1972లో వెళ్ళగొట్టిన ఇదీ అమీనే ఆ రోజుల్లోనే ఉగాండా ఆడవాళ్ళ మినీస్కర్టుల మీదా, కొన్నాళ్ళకి విగ్గుల మీదా పడ్డాడు. వలసదొర జుట్టు తిన్నగా చేసుకోమన్నాడు, దేశభక్తుడు చేసుకోవద్దన్నాడు. మోకాళ్ళ మధ్య కూర్చున్న పిల్లని ఇద్దరూ అడగలేదు.

దక్షిణాఫ్రికాలో లెక్క ఇంకో తీరు. 1950 నాటి జనాభా నమోదు చట్టం మనిషి జాతిని కాగితం మీద రాసింది. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ దూర్చి చూసేవారు, జారి కింద పడితే ఒక జాతి, నిలిస్తే ఇంకో జాతి. తెల్ల తల్లిదండ్రులకి పుట్టిన సాండ్రా లాయింగ్‌ని 1966లో, పదేళ్ళ వయసులో, రంగు, జుట్టు చూసి బడి నుంచి పంపించేశారు, కాగితాల్లో జాతి మార్చేశారు. తండ్రి కోర్టులకి తిరిగి 1967లో మళ్ళీ తెల్లదని రాయించాడు. ఆ పిల్లే పెరిగి ఒక నల్లవాడితో వెళ్ళిపోతే అదే తండ్రి గడప తొక్కనివ్వలేదు. ఆ చట్టం 1991లో పోయింది. పాతికేళ్ళ తరవాత, 2016 ఆగస్టులో, ప్రిటోరియా గర్ల్స్ హైస్కూల్లో పదమూడేళ్ళ జులైఖా పటేల్, తోటి పిల్లలు ఆఫ్రో జుట్టుతో వరుసకట్టి నిలబడ్డారు. మా జుట్టు చక్కగా లేదని అంటున్నారు, తిన్నగా చేసుకోమంటున్నారు అన్నది వాళ్ళ ఫిర్యాదు. రాష్ట్ర విద్యాశాఖ జోక్యంతో ఆ బడి జుట్టు నిబంధనని పక్కన పెట్టాల్సి వచ్చింది.

నల్లదారం ఎప్పుడు పోయిందని అడిగితే, ఎనభైల్లో అటాచ్‌మెంట్, అంటే జడలో కలిపి అల్లే కృత్రిమ జుట్టు, వచ్చాక అనాలి. జపాన్ కనెకలోన్ పోగుల కట్టలు దొరికాక జుట్టు పొడవు ఎంత కావాలంటే అంత. సన్నజడలు అల్లి, కొసల్ని వేడినీళ్ళలో ముంచితే పోగు మెత్తబడి కలిసిపోతుంది, విడిపోదు. దారం చుట్టిన తల పల్లెటూరిదనీ, ముసలివాళ్ళదనీ పేరు పడింది. ఆ వెనకే అసలు మనిషి జుట్టు వచ్చింది, ఇక్కడ కథ మన ఊళ్ళకి చేరుతుంది.

తిరుమల కల్యాణకట్టలో మొక్కు చెల్లించిన తలనీలాల్ని దేవస్థానం పొడవుని బట్టి వేరు చేసి వేలం వేస్తుంది. అన్నిటికంటే పొడవైనది మొదటి రకం, దాని తరవాతిది రెండో రకం, ఆ కింద ఇంకా పొట్టివి. మొదటి రెండు రకాలే విగ్గుల వ్యాపారానికి ప్రాణం. ఏలూరు లాంటిచోట్ల దాన్ని కడిగి, దువ్వి, సైజు కట్టి ఎగుమతి చేస్తారు. చైనాలో హెనాన్ రాష్ట్రపు షూచాంగ్ ఫ్యాక్టరీల మీదుగానో నేరుగానో అది లాగోస్, జొహానెస్‌బర్గ్ బజార్లకి చేరుతుంది. అక్కడి షాపుల్లో బ్రెజిలియన్, పెరూవియన్ అని రాసిన కట్టలు చాలావరకు వ్యాపారం పేర్లే, జుట్టు ఆసియాది. గుండు జుట్టుకి అంత ధర ఎందుకంటే కట్టగట్టి కోస్తారు కాబట్టి ప్రతి వెంట్రుక మీది పొలుసులూ ఒకే దిక్కుకి ఉంటాయి. స్టీలు గిన్నెలిచ్చి ఇళ్ళ దగ్గర కొనుక్కెళ్ళే చిక్కుజుట్టులో మొదలూ కొసా కలిసిపోయి ఉంటాయి. పొలుసులు ఎదురెదురై ముడిపడకుండా దాన్ని యాసిడ్‌లో ముంచి గీకేసి, పైన సిలికాన్ పూత వేస్తారు. షాపులో పట్టులా జారుతుంది. నాలుగు తలస్నానాలకి పూత పోతుంది, మెడ దగ్గర గడ్డి ఉండలా తయారవుతుంది. కొనేటప్పుడు ఒక వెంట్రుకని రెండు వేళ్ళ మధ్య పట్టి పైకీ కిందికీ జరిపి చూస్తే తెలిసిపోతుంది. ఒక దిక్కున నున్నగా, ఇంకో దిక్కున గరుకుగా తగిలితే మంచిది. రెండువైపులా నున్నగా ఉంటే పూత అనుకోవాలి.

కట్ట బరువు 100 గ్రాములు, తలకి రెండు మూడు కట్టలు పడతాయి. మనవాళ్ళ సవరం జడలో కలిపి అల్లేస్తే పని అయిపోయేది. వీళ్ళది కుట్టుపని. అడుగున సొంత జుట్టుని కొలెసెగా అల్లాలి, సన్నగా, బల్లపరుపుగా. వంకీ సూది, నల్లదారంతో జుట్టుపట్టీని ఆ వరసల చుట్టూ కుడతారు. సూది జడ మధ్యలోంచి గుచ్చకూడదు, జడ చుట్టూ తిప్పి తేవాలి, లేకపోతే విప్పినప్పుడు సొంత జుట్టు దారంతోపాటు వచ్చేస్తుంది. తలస్నానం చేస్తే అడుగు జడలు పూర్తిగా ఆరేదాకా డ్రయ్యరు కింద కూర్చోవాల్సిందే. ఆరు నుంచి ఎనిమిది వారాల కంటే ఉంచకూడదు. ఈ అడుగు జడలు వేసేది ఇప్పటికీ ఒనిదిరీలే, బజారులో రేకు కింద బల్ల వేసుకు కూర్చునే జుట్టుపని ఆడవాళ్ళు. పైకి కనిపించే విగ్గుకి వేలకి వేలు పోసి, కింద జడలకి కూలి దగ్గర గంట బేరమాడతారు.

గత పది పదిహేనేళ్ళుగా రిలాక్సర్ మానేసిన అమ్మాయిలు కికోని మళ్ళీ పట్టుకున్నారు. గోపురాలూ వంతెనలూ కట్టేవాళ్ళు తక్కువే. వేడి తగలకుండా జుట్టు సాగదీయడానికి రాత్రి పూట చుట్టుకుని పొద్దున విప్పుతున్నారు. దానికి ఎనిమిది పది పాయలు చాలు, కుదురు దగ్గర మూడు చుట్లు గట్టిగా, ఆపైన సందు వదులుతూ చుట్టాలి. తడిగా ఉంటే మర్నాటికి సాగదు, విప్పిన గంటకే ముడుచుకుంటుంది. వీడియోల్లో కొందరు మెరిసే ప్లాస్టిక్ దారాన్ని ఒంటి పోగు వాడుతున్నారు, అది చూసి చేయొద్దు. నూలుదారమే కొనండి, రెండు పోగులు కలిపే చుట్టండి.